కంపెనీ నుంచి వచ్చినప్పటిలా చేయించాలా, నాన్న వదిలి వెళ్ళినట్టే ఉంచాలా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె తండ్రి రెండేళ్ళ క్రితం కన్నుమూశారు. ఆయన 1978లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇప్పుడు ఆమెకూ, ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడికీ ఉమ్మడి ఆస్తి. ఇంజను నడుస్తోంది, బయటి రంగు ఫరవాలేదు, పాడైందల్లా లోపలి భాగమే. తండ్రి కారు కొన్న మరుసటి ఏడాదే సీట్లకు గోధుమరంగు రెగ్జిన్ వేయించారు. ఆ తరువాత కొన్నేళ్ళకు డాష్‌బోర్డు రేకు కోయించి క్యాసెట్ ప్లేయర్ పెట్టించారు, ముందు సీట్లకు బెల్టులు బిగించారు. డ్రైవరు వైపు డోర్ ప్యాడ్‌కు మ్యాపులు పెట్టుకోవడానికి ఒక జేబును స్వయంగా కుట్టుకున్నారు. డ్రైవరు సీటు చిరుగులోంచి ఒకరోజు కంపెనీ వేసిన బూడిదరంగు వినైల్ కనిపించడంతో, కారు లోపలంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి స్థితికి తేవాలన్న కోరిక ఈమెకు కలిగింది. తమ్ముడికి చెప్పకుండానే కారును కుషన్ పనివారి దగ్గరికి పంపి ఒక సీటు విప్పించారు. విషయం తెలిసిన తమ్ముడు "ఇది నాన్న కారు, మ్యూజియం కారు కాదు" అని మాట్లాడటం మానేశాడు. తల్లి "మీ ఇష్టం" అని ఊరుకుంటున్నారు. పనివారేమో సీట్లలోని పాత పీచు పారేసి ఫోమ్ వేస్తామని, రూఫ్ లైనింగ్ కూడా మార్చేస్తామని, త్వరగా ఏదో ఒకటి చెప్పమని అడుగుతున్నారు. తన కోరిక తప్పా, మొదలుపెట్టిన పని ఆపాలా, కొనసాగిస్తే ఎంతవరకు వెళ్ళాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ కోరిక తప్పు కాదు. అయితే ఆ కోరికకు మీరు చెబుతున్న కారణం సరిపోవడం లేదనిపిస్తోంది, తమ్ముడితో తగవు కూడా అక్కడే మొదలైందని నా అనుమానం. ఇదంతా నాన్నగారి జ్ఞాపకార్థమని రాశారు. మీరే రాసిన తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 1955 నుంచి మోడల్ సంవత్సరాన్ని ఆగస్టుతో మొదలుపెట్టేది కాబట్టి, 1965 మోడల్ కారు 1964 ఆగస్టుకూ మరుసటి వేసవికీ మధ్య తయారై ఉంటుంది. అది మీ ఇంటికి వచ్చింది 1978లో. ఏడాది తిరిగేసరికి బూడిదరంగు సీట్లు గోధుమ రెగ్జిన్ కిందికి వెళ్ళిపోయాయి. అంటే మీరు తిరిగి తేవాలనుకుంటున్న సీటు మీద మీ నాన్నగారు కూర్చున్నది మహా అయితే ఏడాది, మీ తమ్ముడైతే దానిని చూడనే లేదు. అతనికి తెలిసిన కారు క్యాసెట్ ప్లేయర్ ఉన్న కారు. మీకు తెలిసినది కూడా, నిజానికి, గోధుమరంగు సీట్ల కారే.

కాబట్టి ఫ్యాక్టరీ స్థితి మీద మీకున్న ఆసక్తి ఆ కారు మీద, ఆ పనితనం మీద ఇష్టం. అది మంచి ఇష్టమే, దానికి ఇంకెవరి జ్ఞాపకమూ అండగా నిలబడనక్కరలేదు. కానీ దానిని నాన్నగారి పేరుతో చెప్పినంత కాలం, మీ తమ్ముడికి అది నాన్నగారు చేసినవన్నీ చెరిపేసి దానికే నివాళి అని పేరు పెట్టినట్టు వినిపిస్తుంది. "నాన్న కోసం" అనడం మాని "నాకు ఆ పాత పని ఎలా ఉండేదో చూడాలని ఉంది" అని చెప్పి చూడండి. అతను వెంటనే ఒప్పుకుంటాడని నేను హామీ ఇవ్వలేను, కానీ మీరిద్దరూ వాదించుకోవలసిన విషయం సగానికి తగ్గుతుంది.

ఇక కారు సంగతి. ఫ్యాక్టరీ స్థితి అనగానే ఎక్కడో ఒక ఖచ్చితమైన నమూనా ఉన్నట్టు అనుకుంటాం, బీటిల్ విషయంలో అది అంత సులభం కాదు. 1965 నాటికి ఈ కారు జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌తో పాటు బ్రెజిల్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో కూడా తయారవుతోంది. స్థానికంగా దొరికే సామగ్రి వాడిన చోట సీటు గుడ్డ, మ్యాట్‌లు, లైనింగ్ వేరుగా ఉండేవి. ఒకే ఫ్యాక్టరీలో కూడా ఏడాదికేడాది చిన్న మార్పులు జరిగేవి. ఉదాహరణకు డీలక్స్ రకానికి పెట్రోలు గేజ్ వచ్చింది 1962 మోడల్‌తో. అంతకుముందు ట్యాంకులో ఎంత ఉందో చూపే సాధనమే లేదు, పెట్రోలు అయిపోవస్తే మిగులు పెట్రోలు వదిలే రిజర్వ్ ట్యాప్ తిప్పుకోవలసిందే. మీ 1965 మోడల్‌కు అద్దాలు అంతకుముందరి ఏడాది కన్నా పెద్దవి. అందువల్ల ఎవరో "పాత బీటిల్ సెట్" అని అమ్మేది కొని బిగిస్తే, కొత్తగా, అందంగా ఉండి కూడా మీ కారుకు ఎన్నడూ లేని లోపలి భాగం తయారవుతుంది. ఇంతకంటే నాన్నగారి రెగ్జినే నయం, అది నిజంగా ఈ కారులో ఉన్నదే కదా.

మొదట వెనక సీటును ఎత్తి చూడండి. మధ్యలో పొడవుగా ఉండే టన్నెల్ రేకు మీద ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. ఆ కారు జర్మనీలో తయారైనదైతే ఆ నంబరుతో వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ మ్యూజియం సంస్థ నుంచి, రుసుము చెల్లించి, ఒక ధ్రువపత్రం తెప్పించుకోవచ్చు. కారు తయారైన తేదీ, మొదటి రంగు, లోపలి అప్‌హోల్‌స్టరీ రంగు, ఏ దేశానికి పంపారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ కాగితం చేతికి వచ్చేవరకు కొత్త గుడ్డ ఏదీ కొనవద్దు. అది రావడానికి పట్టే సమయం మీకు, మీ తమ్ముడికి కూడా మేలే చేస్తుంది.

కాగితం చెప్పని వివరాలను కారే చెబుతుంది. సీటు కవరు అడుగున లోపలికి మడిచిన అంచు, డోర్ ప్యాడ్ వెనక వైపు, సీటు పట్టాల కింద ఉన్న మ్యాట్ ముక్క, ఇవి ఎండ చూడని చోట్లు కాబట్టి అసలు రంగు అక్కడే మిగిలి ఉంటుంది. చిరుగులోంచి మీకు కనిపించిన బూడిదరంగు కూడా వెలిసినదే కావచ్చు, దానిని చూసి కొత్త వినైల్ ఎంచుకోకండి. విప్పిన సీటు మీ ముందే ఉంది కాబట్టి దాని ఇనుప చట్రం అంచును దగ్గరగా పరిశీలించండి. రంపపు పళ్ళలాంటి చిన్న చిన్న రేకు కొక్కేలు వరుసగా ఉంటాయి, కంపెనీ వారు కవరు అంచును లాగి ఆ పళ్ళకే తగిలించేవారు. బూడిదరంగు వినైల్‌కు ఆ పళ్ళు దిగిన రంధ్రాలు ఒకే వరుసలో ఉంటే దానిని ఎవరూ విప్పి మళ్ళీ వేయలేదని అర్థం. రెండు వరుసలుంటే 1978కి ముందే ఎవరో చెయ్యి పెట్టారు.

మీ నాన్నగారి కుషన్ పనివారు పాత కవరు తీయకుండా దాని మీదనే రెగ్జిన్ తొడగడం మీ అదృష్టం. ఆ రోజుల్లో శ్రమ తగ్గించుకోవడానికి చేసిన పనే ఇప్పుడు మీకు సాక్ష్యాన్ని దాచిపెట్టింది. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. రెగ్జిన్‌కు చిరుగులు కుట్టించి ఉన్నచోటనే ఉంచితే బూడిదరంగు కింద క్షేమంగా ఉంటుంది, తమ్ముడికీ అభ్యంతరం ఉండదు, కానీ మీరు చూడాలనుకున్నది మీకు కనబడదు. రెగ్జిన్ తీసి ఆ పాత వినైల్‌నే వాడుకోవాలనుకుంటే ముందు దాని కుట్లను వేలితో మెల్లగా లాగి చూడండి. వినైల్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ళ మీద ఆవిరైపోతుంది, అప్పుడది అట్టలా బిరుసెక్కి సూది రంధ్రాల వెంబడే చినుగుతుంది. ఆ స్థితిలో ఉంటే మళ్ళీ కుట్టడం వృథా. మూడోది, పాత కవరును నమూనాగా పెట్టుకుని కొత్త వినైల్‌తో కుట్టించడం. రంగు కుదిరినంత సులభంగా మిగతావి కుదరవు. కంపెనీ వినైల్ మీది గరుకు, గీతల మధ్య దూరం, అంచున తిరిగే పైపింగ్ లావు చూసుకోవాలి, ఆ గీతలు దారంతో కుట్టినవా, వేడితో అదిమినవా అన్నది కూడా చూసుకోవాలి. ఆఖరిది చాలామంది గమనించరు. అదిమిన గీతల స్థానంలో కుట్టు కనిపిస్తే, తెలిసినవారి కళ్ళు మొదట అక్కడికే వెళతాయి.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ఒక్క షరతు మాత్రం పెట్టండి. గోధుమరంగు రెగ్జిన్‌ను కత్తెరతో కోయకుండా, అంచులు విప్పి మొత్తంగా తీయమని పనివారికి చెప్పండి. అలా తీసిన కవర్లను గట్టిగా మడవకుండా, చుట్టగా చుట్టి పొడి చోట ఉంచితే, ఎప్పుడు కావాలంటే అప్పుడు అవే సీట్లకు మళ్ళీ తొడగవచ్చు. మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండవలసిన మాట ఇదే.

ఫోమ్ విషయంలో మాత్రం నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను, వద్దు. మీ సీట్లలో స్ప్రింగుల మీద ఉన్నది రబ్బరు పాలతో అతికించిన కొబ్బరి పీచు, వెంట్రుకల మెత్త. పాత బీటిల్ తలుపు తీయగానే వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన చాలావరకు దానిదే. పైగా అది గాలి ఆడే వస్తువు, తడిసినా ఆరుతుంది. ఫోమ్ తడిని పట్టి ఉంచి కింది స్ప్రింగులకు తుప్పు పట్టిస్తుంది, కొన్నేళ్ళకు తానూ పొడిపొడిగా రాలుతుంది. ఆకారం కూడా మారుతుంది: ఫోమ్ వేసిన సీటు ఉబ్బి, కంపెనీ కొలతకు కుట్టిన కవరు గీతలు వంకరపోతాయి. పీచులోని రబ్బరు ఎండి పెళుసెక్కిన మాట నిజమే కావచ్చు, అలాంటప్పుడు రాలిపోతున్న భాగం మేరకే తీసి కొత్త రబ్బరు పీచు పలకను కోసి అతికించవచ్చు. స్ప్రింగులకు, పీచుకు మధ్య కొత్త గోనె గుడ్డ పరిస్తే రాపిడి తగ్గుతుంది. కుషన్ పనివారికి ఫోమ్ కోయడం త్వరగా అయ్యే పని కాబట్టి వారు దానినే సూచిస్తారు, అందులో వారి తప్పేమీ లేదు.

రూఫ్ లైనింగ్ మార్చడానికి అంత తొందరెందుకో నాకు అర్థం కాలేదు. అది చిన్న రంధ్రాల వినైల్ అని, పొగపట్టి నల్లబడిందని, వెనక అద్దం పైన ఒక్కచోటే చినిగిందని మీరే రాశారు. ఆ లైనింగ్ ఉక్కు కమ్మీలకు వేలాడుతూ, అంచుల్లో అద్దాల రబ్బరు బీడింగ్ కిందికి వెళ్ళి అతుక్కుని ఉంటుంది. దానిని తీయాలంటే ముందు, వెనక అద్దాలు ఊడదీయాలి, కమ్మీలు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి, ఒకసారి తీసినది మళ్ళీ అలా బిగుసుకోదు. కారు లోపలి పనుల్లో ఇదే అన్నిటికంటే కష్టమైనది. సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కొద్ది భాగం తుడిచి చూడండి. నలుపు వదిలితే, చిరుగుకు వెనక నుంచి ఒక పట్టీ అతికించి వదిలేయడం మంచిది. ఇది ఫ్యాక్టరీలో బిగించిన లైనింగే అయితే, దానికంటే అసలైనది మీకు ఎవరూ అమ్మలేరు.

డాష్‌బోర్డు కోత దగ్గర పరిణామాలు మరీ పెద్దవి. బీటిల్ డాష్‌బోర్డు రంగు వేసిన రేకు, అది కారు దేహంలో భాగం. కోసిన చోటును పూడ్చాలంటే వేరే కారు నుంచి ఆ మేరకు రేకు తెచ్చి వెల్డింగ్ చేయాలి, డాష్‌బోర్డు మొత్తానికి రంగు వేయాలి. ఈ కారులో పెట్రోలు ట్యాంకు డాష్‌బోర్డుకు ముందు వైపే, బానెట్ కింద ఉంటుంది కాబట్టి ట్యాంకు దింపకుండా, వెనకనున్న వైర్లు తప్పించకుండా అక్కడ నిప్పు పెట్టనివ్వకూడదు. ఇంకో సంగతి: 1965లో ఈ కారు సాధారణంగా 6 వోల్టుల కరెంటుతో వచ్చేది. క్యాసెట్ ప్లేయర్ పనిచేసిందంటే నాన్నగారు కారును 12 వోల్టులకు మార్పించి ఉంటారు. ఫ్యాక్టరీ వివరం అంటూ దానిని వెనక్కి తిప్పితే హెడ్‌లైట్లు మసకబారుతాయి, స్టార్టింగ్ బరువెక్కుతుంది. ఇవేవీ కుషన్ పనితో పాటు తేలిగ్గా తేల్చుకునే నిర్ణయాలు కావు. ప్లేయర్‌ను ఇప్పటికి అక్కడే ఉండనివ్వండి, రేపు మీరిద్దరూ వద్దనుకున్నా ఆ పని చేయడానికి అప్పుడూ వీలుంటుంది.

బెల్టులు తీయకండి. మీ కారు కంపెనీ నుంచి అవి లేకుండానే వచ్చి ఉండవచ్చు, కానీ రోడ్డు మీదికి తీసే కారు నుంచి బెల్టులు ఊడదీసేంత విలువ ఏ ఫ్యాక్టరీ వివరానికీ లేదు. బిగించిన చోట రేకు గట్టిగా ఉందో లేదో మాత్రం చూపించుకోండి.

మ్యాపుల జేబు దగ్గరికి వస్తే, మీ తమ్ముడి వాదనకు మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువ బలం ఉంది. పాత కట్టడాల పునరుద్ధరణ గురించి 1964లో వెనిస్ నగరంలో నిపుణులు ఒక ఒప్పందపత్రం రాసుకున్నారు, మీ కారు దాదాపు దాని ఈడుదే. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని, ఒక కట్టడానికి వేర్వేరు కాలాల్లో చేరిన విలువైన చేర్పులను గౌరవించాలని, అంతా ఒకే శైలిలోకి తేవడం లక్ష్యం కాకూడదని అందులో ఉంది. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా తన టూరిన్ పత్రాన్ని ఆ భావాల ఆధారంగానే తయారు చేసుకుంది. పోటీ ప్రదర్శనల లోకం కూడా కొంత మారింది, అమెరికాలో పాత కార్ల పోటీ జరిగే పెబుల్ బీచ్ వంటి చోట్ల పునరుద్ధరించని కార్లకు ప్రత్యేక విభాగమే ఉంది. కాబట్టి యజమాని నలభై ఏళ్ళు వాడుతూ తన చేత్తో కుట్టుకున్న జేబు లోపమని తేలిగ్గా కొట్టేయలేం. మీ స్థానంలో నేనుంటే సీట్లను 1965కు తీసుకువెళ్ళినా ఆ తలుపు జోలికి వెళ్ళను. రెండు తలుపులూ ఒకేలా ఉండాలని మీకు బలంగా అనిపిస్తే, పాత ప్యాడ్‌ను జేబుతో సహా తీసి భద్రపరచి, అదే కొలతకు కొత్త ప్యాడ్ చేయించుకోవచ్చు, అందులో నష్టపోయేది ఏమీ ఉండదు. అయితే భద్రపరచడం అంటే అటక మీద పడేయడమేనని మీ తమ్ముడు అనుమానిస్తాడు, ఆ అనుమానానికి మీ దగ్గర జవాబు ఉండాలి. ఏది చేసినా ప్యాడ్ వెనక, తలుపు రేకుకు అంటి ఉండవలసిన తడి ఆపే పొర ఉందో లేదో చూడండి. అది లేకపోతే అద్దం సందుల్లోంచి దిగిన నీరు అట్టను ఉబ్బించి, జేబు కుట్లను కూడా లాగేస్తుంది.

తమ్ముడికి చెప్పకుండా సీటు విప్పించడం పొరపాటని మీరే ఒప్పుకున్నారు, దాన్ని నేను పొడిగించను. ఉమ్మడి వస్తువు కాబట్టి ఇకముందు మరొక కుట్టు విప్పాలన్నా అతని మాట కావాలి. ఫోన్‌లో వాదించకుండా, కుషన్ షాపుకు ఒకసారి రమ్మని అడగండి. రెండు పొరలూ కనబడుతున్న ఆ సీటును అతనే చూడాలి. ఫోటోలు తీయడం, తీసిన ప్రతి ముక్కకూ చీటీ కట్టడం అతనికి అప్పగిస్తే, నాన్నగారి చేర్పులకు అతనే సంరక్షకుడవుతాడు. అప్పటికీ అతను ఏదీ కదపవద్దంటే, చిరుగులు కుట్టించి, తుప్పు ఆపి, కారును ఉన్నదున్నట్టు నడుపుకోవడం ఒక పూర్తి మార్గమే. మీ ఆశ వాయిదా పడుతుంది గాని చెడదు. అతని వాటా మీరు కొనుక్కోవడం ఇంకొక మార్గం. చట్టప్రకారం అది అన్ని తగాదాలనూ తీరుస్తుంది, మనుషుల మధ్య ఏం చేస్తుందో మీకు తెలుసు.

అమ్మగారి "మీ ఇష్టం" అన్న మాటను అంగీకారంగా లెక్కవేయకండి. ఏం చేయమంటావని అడిగితే ఆమె మళ్ళీ అదే అంటారు. దానికి బదులు, రెగ్జిన్ రంగు ఎవరు ఎంచారు, ఆ జేబు ఏ ప్రయాణానికి ముందు కుట్టారు, ముందు సీటులో ఆమెకు నడుము నొప్పి పెట్టేదా అని అడగండి. ఆ గోధుమరంగు ఆమే ఎంచారని తెలిస్తే మీ ప్రణాళిక మొత్తం మారవచ్చు.

ఈలోగా పనివారికి చెప్పవలసినవి కొన్నే: పీచు పారేయవద్దు, రెగ్జిన్ కోయవద్దు, లైనింగ్ ముట్టుకోవద్దు, విప్పిన సీటును ఉన్నట్టే గుడ్డ కప్పి పక్కన పెట్టాలి. వెనక సీటు ఎత్తినప్పుడు కుడి వైపు కింద బ్యాటరీ కనిపిస్తుంది, దాని మీద మూత ఉందో లేదో ఆ రోజే చూడండి. మూత లేని బీటిల్‌లో ఎవరైనా బరువుగా కూర్చుంటే సీటు స్ప్రింగులు బ్యాటరీ టెర్మినళ్ళకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, ఎండిన పీచు వెంటనే అంటుకుంటుంది. మూత పోయి ఉంటే, ఏ కాలపు స్థితికి తేవాలో మీరిద్దరూ తేల్చుకునేదాకా ఆగకుండా, ముందు అది వేయించండి.